బ్యాంకు యూనియన్ జిల్లా యూనిట్‌కి సెక్రటరీ ఎందుకు దొరకడం లేదు

నెల్లూరులో ఈమధ్య ఒక బ్యాంకు ఉద్యోగుల యూనియన్ జిల్లా యూనిట్ జనరల్ బాడీ జరిగింది. రెండో శనివారం, సెలవు రోజు. వేసిన కుర్చీల్లో సగం నిండాయి. రిపోర్టు చదివారు, జమాఖర్చులు చదివారు, చేతులెత్తి ఆమోదించారు. ఎన్నికల దాకా వచ్చేసరికి ప్రెసిడెంటుకి ఒక పేరు వచ్చింది, ట్రెజరర్‌కి ఒక పేరు వచ్చింది. సెక్రటరీకి మాత్రం ఎవరూ లేవలేదు. పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్నాయన జూన్‌లో రిటైర్ అవుతున్నారు. "ఎవరో ఒకరు ముందుకు రండమ్మా" అని రెండుసార్లు అడిగారు. వెనక వరసల్లోని పిల్లలు తలలు దించుకున్నారు.

వాళ్లని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా కౌంటర్లో కూర్చుని, అందులో పదేళ్లు యూనిట్ పని చూసినవాణ్ణి. ఆ కుర్చీ ఒక్కరోజులో ఖాళీ కాలేదని నాకు తెలుసు. అది ఖాళీ అవుతూ వచ్చిన తీరు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

బ్యాంకుల్లో క్లర్కుల్నీ, అటెండర్ల లాంటి సబ్ స్టాఫ్‌నీ ఇప్పటికీ 'అవార్డ్ స్టాఫ్' అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో బహుమతి అనుకుంటారు. ఇక్కడ అవార్డు అంటే ట్రిబ్యునల్ తీర్పు. 1946 ఏప్రిల్ 20న కలకత్తాలో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం, అంటే ఏఐబీఈఏ పుట్టే నాటికి ఏ బ్యాంకు జీతం దానిది, ఏ మేనేజరు మాట అతనిది. గొడవలు ముదిరి ట్రిబ్యునల్ వేశారు. సేన్ ట్రిబ్యునల్ 1950లో ఇచ్చిన అవార్డు మరుసటి ఏడాదే సుప్రీంకోర్టులో చెల్లకుండా పోయింది. 1953లో శాస్త్రి అవార్డు వచ్చింది. దాని మీద అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని 1954లో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. ఆ మార్పుని ఒప్పుకోలేక పదవి వదులుకున్న కేంద్ర కార్మిక మంత్రి మన తెలుగువాడే, వి.వి.గిరి. తర్వాత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. బ్యాంకు గుమాస్తాల జీతం కోసం మంత్రి పదవి వదిలేశారన్నది కౌంటర్లో కూర్చునే పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆ అవార్డుల్లో మనలాంటి ఊళ్లకు సంబంధించిన సంగతి ఒకటుంది. జనాభాని బట్టి ఊళ్లని ఏరియాలుగా విడగొట్టారు. పెద్ద నగరంలో క్లర్కుకి ఒక స్కేలు, చిన్న ఊళ్లో అదే పని చేసే క్లర్కుకి ఇంకో స్కేలు. అంటే చిన్న ఊరివాడు తన మాట తనే చెప్పుకోకపోతే బొంబాయిలో చెప్పేవాడు లేడు. ఊరూరా యూనిట్ కావాల్సి వచ్చింది అందుకే. 1962లో దేశాయ్ అవార్డు, 1966 అక్టోబర్ 19న మొదటి ద్వైపాక్షిక ఒప్పందం వచ్చాయి. అప్పటి నుంచి ట్రిబ్యునల్ బదులు బ్యాంకు యాజమాన్యాల సంఘం, యూనియన్లు ఎదురెదురుగా కూర్చుని జీతాలు తేల్చుకుంటున్నాయి. ఆ నాటికి ప్రకాశం జిల్లా అనేదే లేదు. ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, రెండేళ్లకి ప్రకాశం పేరు వచ్చింది. కందుకూరు 1970లో ప్రకాశంలోకి వెళ్లి 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. గూడూరు అప్పుడే తిరుపతి జిల్లాకి పోయింది. జిల్లా గీతలు మారినప్పుడల్లా ఏ బ్రాంచి ఏ యూనిట్ కిందికి వస్తుంది, చందా ఎవరు వసూలు చేస్తారు అన్న తగువులు మొదలవుతాయి. వినడానికి చిన్న విషయమే గానీ వాటితో నెలలు గడిచిపోతాయి.

1969లో 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో 6 జాతీయమయ్యాక పల్లెల్లో బ్రాంచీలు పెరిగాయి. ఉదయగిరి, కనిగిరి, పొదిలి, వింజమూరు లాంటి చోట్లకి కూడా క్లర్కులు పోస్టింగుల మీద వెళ్లారు. యూనిట్ పనికి మంచికాలం అదే. నేను చేరిన కొత్తలో సర్క్యులర్ అంటే స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మెషీన్ మీద ఇంకు పూసి తిప్పడం. చేతులకంటిన నలుపు రెండు రోజులకి గానీ పోయేది కాదు. ఆ కాయితాల్ని మడిచి, పైన బ్రాంచి పేరు రాసి, సాయంత్రం బస్టాండులో కండక్టర్ల చేతికిచ్చేవాళ్లం. "ఉదయగిరి బ్యాంకులో ఇచ్చెయ్యన్నా" అంటే చాలు, రాత్రికి చేరేది. పొద్దున బ్రాంచిలో నోటీసు బోర్డు మీద ఉండేది. లెడ్జర్లు టాలీ కాక రాత్రి ఎనిమిదింటి దాకా బ్రాంచిలోనే ఉండే రోజులవి. పాతిక మంది ఒక చోట కూర్చుని పైసా తేడా కోసం వెతుకుతూ ఉంటే, యూనియన్ మాటలు వాటంతట అవే వచ్చేవి. ప్రత్యేకంగా మీటింగు పెట్టనక్కర్లేదు.

ఆ కాలంలోనే గ్రామీణ బ్యాంకులు వచ్చాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాటి కథ విడిగా చెప్పుకోవాలి. 1975 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సుతో పుట్టిన ఈ బ్యాంకుల్లో జీతాలు తక్కువ ఉండాలన్నదే మొదటి ఆలోచన. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల స్కేళ్లని కొలతగా పెట్టారు. పక్క వీధిలో స్పాన్సర్ బ్యాంకు, అంటే ఆ గ్రామీణ బ్యాంకుకి వెనక ఉండే పెద్ద బ్యాంకు క్లర్కు చేసే పనే ఇక్కడా చేయాలి, జీతం మాత్రం వేరు. పెన్నకి ఉన్న పినాకిని పేరు పెట్టుకుని నెల్లూరు కేంద్రంగా పినాకిని గ్రామీణ బ్యాంకు నడిచింది. దాని స్పాన్సర్ సిండికేట్ బ్యాంకు. సమాన జీతం కోసం గ్రామీణ బ్యాంకుల ఉద్యోగులు దేశమంతా పోరాడితే సుప్రీంకోర్టు దాకా వెళ్లి నేషనల్ ట్రిబ్యునల్ వేయించుకోగలిగారు. దానికి అధ్యక్షత వహించింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎస్.ఓబుల్ రెడ్డి. 1990 ఏప్రిల్ 30న ఇచ్చిన అవార్డులో స్పాన్సర్ బ్యాంకులతో సమానంగా ఇవ్వాలన్నారు, 1987 సెప్టెంబర్ 1 నుంచి లెక్క కట్టాలన్నారు. ఆ తర్వాత కూడా జీతాలు పెరిగిన ప్రతిసారీ గ్రామీణ బ్యాంకుల్ని పక్కన పెట్టారు. 2001 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పెన్షన్ కోసం 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఇన్నేళ్లు కోర్టు ఖర్చులకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే, బ్రాంచి బ్రాంచికీ తిరిగి యూనిట్ వాళ్లు రసీదు పుస్తకాలు చింపి వసూలు చేసిన చందాల నుంచే.

ఇక బ్యాంకుల విలీనాల సంగతి. 2006 జూన్‌లో పినాకిని, రాయలసీమ, శ్రీ అనంత మూడూ కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ప్రధాన కార్యాలయం కడపకి పోయింది. 2025 మే 1న రాష్ట్రానికి ఒకటే గ్రామీణ బ్యాంకు అన్న లెక్కన నాలుగు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. ప్రధాన కార్యాలయం అమరావతి, స్పాన్సర్ యూనియన్ బ్యాంక్. దేశం మొత్తం మీద ఆ రోజుతో 43 గ్రామీణ బ్యాంకులు 28 అయ్యాయి. వాణిజ్య బ్యాంకుల్లో 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్ మధ్యలో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. 2019 అక్టోబర్ 22న విలీనాలకి వ్యతిరేకంగా సమ్మె కూడా జరిగింది. విలీనం ఆగలేదు.

విలీనాల మీద మాట్లాడేవాళ్లు సాఫ్ట్‌వేర్ గురించి, బ్రాంచీల మూసివేత గురించి మాట్లాడతారు. జిల్లా యూనిట్ మీద పడే భారం ఎవరికీ పట్టదు. రెండు బ్యాంకులు కలిస్తే ఇద్దరు సెక్రటరీలు, రెండు పాస్‌బుక్కులు, రెండు రకాల బదిలీ పాలసీలు, సీనియారిటీ మీద రెండు వాదనలు. అవి సర్దుకునే లోపు పై ఆఫీసు ఇంకా దూరం జరుగుతుంది. నెల్లూరులో హెడ్ ఆఫీసు ఉన్నప్పుడు గ్రామీణ బ్యాంకు యూనియన్ వాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్లి ఉద్యోగుల విషయాలు చూసే పర్సనెల్ సెక్షన్‌లో కూర్చుని ఒక బదిలీ సంగతి మాట్లాడి రాగలిగేవాళ్లు. కడప అయ్యాక ఆత్మకూరు, బద్వేలు మీదుగా ఒక పూట ప్రయాణం, ఒక రోజు సెలవు. ఇప్పుడు అమరావతి. మార్కాపురం నుంచో వెంకటగిరి నుంచో వెళ్లే మనిషికి రెండు రోజుల పని. పని తగ్గలేదు, మనిషి చేరుకోవాల్సిన దూరం పెరిగింది. సెక్రటరీ దొరకకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం నాకు ఇదే కనిపిస్తుంది.

ఆ దూరం వల్ల ఏం పోతుందో చెప్పడానికి ఒక కేసు చెబుతాను. బ్యాంకు పేరు, ఊరు పేరు వద్దు. బంగారం లోన్లు ఎక్కువగా ఉండే బ్రాంచి. తనిఖీలో కొన్ని సంచుల్లో గిల్టు నగలు బయటపడ్డాయి. సరుకు తూచి విలువ కట్టింది అప్రైజరు. తాళం చెవుల్లో ఒకటి ఉండేది క్లర్కు దగ్గర కాబట్టి అతన్నీ సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో మొదటి మూడు నెలలు జీతంలో మూడో వంతే వస్తుంది, తర్వాత సగం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, తల్లికి డయాలసిస్. అతను మాట్లాడటమే మానేశాడు. ఎంక్వైరీలో అతని తరఫున వాదించే డీఆర్‌గా, అంటే డిఫెన్స్ రిప్రజెంటేటివ్‌గా నేను కూర్చున్నాను. చార్జిషీటులో తొమ్మిది లోన్ల నంబర్లు, తేదీలు ఉన్నాయి. ఆ తేదీలు చదువుతుంటే ఒక దాని దగ్గర ఆగిపోయాను. ఆ వారం అతను మా బ్రాంచిలో డెప్యుటేషన్ మీద ఉన్నాడు. నాకెందుకు గుర్తుందంటే ఆ వారం మా క్యాషియరు కూతురి పెళ్లి, ఇతనే క్యాష్‌లో కూర్చున్నాడు. అతని పాత టీఏ బిల్లు, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లు తీయించాం. తొమ్మిదిలో నాలుగు లోన్లు అతను ఆ ఊళ్లో లేని రోజుల్లో ఇచ్చినవి. తాళం చెవి ఎవరికి అప్పగించాడో రిజిస్టర్లో సంతకం ఉంది. కేసు అక్కడి నుంచి మలుపు తిరిగింది, ఉద్యోగం నిలబడింది.

నా తెలివితేటల గురించి కాదు ఇది చెప్పడం. పక్క ఊళ్లో పనిచేసినవాడికి పెళ్లి గుర్తుంటుంది. రాష్ట్ర కమిటీలో ఎంత పెద్ద నాయకుడున్నా ఆ వారం ఎవరు ఎక్కడ కూర్చున్నారో అతనికి తెలిసే వీలు లేదు. వాట్సాప్‌లో సర్క్యులర్ క్షణంలో వస్తుంది, మంచిదే. టీఏ బిల్లు వెతకమని చెప్పే మనిషి అందులోంచి రాడు.

మనుషులు తగ్గిన లెక్క కూడా చూడాలి. 1983లో, 1993లో కంప్యూటర్ల మీద ఒప్పందాలు జరిగాయి. 2000-01లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి లక్ష మందికి పైగా వెళ్లిపోయారు. పోయినవాళ్లలో చాలామంది యాభై దాటిన అనుభవస్తులు, అంటే యూనిట్లు నడిపే వయసువాళ్లు. ఆ తర్వాత బ్రాంచీలన్నిటినీ ఒకే కంప్యూటర్ వ్యవస్థకి కలిపే కోర్ బ్యాంకింగ్ వచ్చింది. పాతిక మంది ఉన్న బ్రాంచిలో ఇప్పుడు ఐదారుగురు. అటెండరు స్థానంలో కాంట్రాక్టు మనిషి, ఊళ్లల్లో బ్యాంకు తరఫున డబ్బు కట్టించుకుని ఇచ్చే బ్యాంకు మిత్ర. వీళ్లెవరూ మన యూనియన్ సభ్యులు కారు. సభ్యుల్ని చేసుకోవడానికి మనం గట్టిగా ప్రయత్నించామా అంటే, లేదు. ఆ తప్పు మాది. 2010 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ కూడా లేదు. "మీ పెన్షన్ మీరు సాధించుకున్నారు, మాకేం మిగిల్చారు సార్?" అని ఒక కుర్రాడు నన్ను మొహం మీదే అడిగాడు. అతను అడిగింది న్యాయం.

ఇప్పుడు పైనుంచి ఇంకో మార్పు. 2025 నవంబర్ 21 నుంచి, పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు అనేది బ్యాంకులవాళ్లకి కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, సగం మంది ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే దాన్నీ సమ్మె కిందే లెక్కిస్తారు. ఒకటికి మించి యూనియన్లు ఉన్నచోట ఉద్యోగుల్లో కనీసం 51 శాతం మంది సభ్యులుగా ఉన్న యూనియనే ఒంటరిగా చర్చలకి కూర్చుంటుంది. అంటే ఇక రసీదు పుస్తకం, సభ్యత్వ జాబితా, సంతకాలు సరిగ్గా ఉండాలి. అవి ఉండేది జిల్లా యూనిట్‌లోనే. ఆ జాబితా చూసే మనిషే లేకపోతే పైన ఎంత పెద్ద సంఘమైనా తన బలం కాయితం మీద చూపించలేదు.

నెల్లూరు మీటింగు సెక్రటరీ లేకుండానే ముగిసింది. కుర్చీలు మడిచి ఒక పక్కన పేరుస్తుంటే, కావలి బ్రాంచిలో పనిచేసే ఒకమ్మాయి పాత సెక్రటరీ దగ్గరికి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఆరేళ్లు, రోజూ నెల్లూరు నుంచి రైల్లో వెళ్లొస్తుంది.

"సెలవు రోజుల్లో మీటింగులు పెట్టకుండా, సాయంత్రం ఐదున్నరకి వీఆర్సీ సెంటర్ దగ్గర పెట్టుకోవచ్చా సార్?" అని అడిగింది.

"పెట్టుకోవచ్చమ్మా. ఎందుకు?"

"చార్జిషీటుకి జవాబు ఎలా రాయాలో నాకు నేర్పించండి. మిగతాది చూద్దాం."

జూన్ దాకా ప్రతి ఎంక్వైరీకీ ఆయన పక్కన ఆమె కూర్చునేట్టు మాట్లాడుకున్నారు. మొదటిది వచ్చే గురువారం, కందుకూరులో. ఆ రోజుకి ఆమె అప్పుడే ఫోన్‌లో లీవు పెట్టేసింది.