రూపధరుడు తెలుసు, మస్తాన్ తెలియదు

చందమామలో 'రూపధరుని యాత్రలు' చదివిన తరానికి, ఆ రూపధరుడు గ్రీకువీరుడు ఒడిస్సియస్ అని చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. పేరు మారింది, కథ హోమర్‌దే. 1947 జులైలో మద్రాసులో ఆ పత్రిక పెట్టిన ఇద్దరిలో చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980 దాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. చందమామలో దేశదేశాల కథలు తెలుగు పిల్లల దగ్గరికి చేరింది ఎక్కువగా గుంటూరు జిల్లావాళ్ల చేతుల మీదుగానే.

బహుళ సంస్కృతుల బాలసాహిత్యం గురించి టీచరు ట్రైనింగు పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పాఠం మాత్రం అమెరికాతో మొదలవుతుంది. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 'సాటర్‌డే రివ్యూ' పత్రికలో ఒక వ్యాసం రాశారు. బొమ్మల పుస్తకం చూస్తున్న అయిదేళ్ల నల్లజాతి పాప, అందులో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగిందట. లారిక్ లెక్క తీశారు. 1962 నుంచి 64 వరకు వచ్చిన అయిదు వేల పైచిలుకు పిల్లల పుస్తకాల్లో నల్లవాళ్లు కనిపించినవి 6.7 శాతం. 1990లో అక్కడి బాలసాహిత్య పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ దీనికి ఒక పోలిక చెప్పారు: పుస్తకం పిల్లలకు కిటికీ కావాలి, అద్దమూ కావాలి. కిటికీలోంచి పక్కవాళ్ల బతుకు కనపడాలి, అద్దంలో తన మొహం కనపడాలి.

మనకు కిటికీలు మొదటినుంచీ ఉన్నాయి. విజయవాడ పిల్లలకైతే మరీను. మాస్కోలో తెలుగులోనే అచ్చయిన పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపు ద్వారా ఇక్కడికి చేరేవి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. చందమామలా ఇవి పేర్లు మార్చలేదు. ఇవాన్ ఇవానే, మంచు మంచే. యుక్రేనియన్ జానపద కథ ఒకటుంది: తాత మంచులో చేతితొడుగు పారేసుకుంటాడు, ఎలుక మొదలు ఎలుగుబంటి దాకా ఒక్కొక్కటే వచ్చి అందులో దూరతాయి. చేతితొడుగంటే ఏమిటని నేను మా అమ్మనడిగాను. పొయ్యి మీద గిన్నె దింపుతున్న మనిషి, మసిగుడ్డ చేతికి చుట్టి చూపించింది. నాకు కీవ్ అడవి అలా అర్థమైంది. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది.

అద్దం సంగతి వేరు. అరేబియా కథల్లో ముస్లిములు బోలెడుమంది. అందరూ బాగ్దాదులోనే ఉంటారు, గుంటూరు లాలాపేటలో ఒక్కరూ ఉండరు. ఖలీఫా ఉంటాడు, భూతం ఉంటుంది, సైకిలు రిపేరు షాపులో పనిచేసే నాన్న ఉండడు. చర్చికి వెళ్లే పిల్ల, తండాలో పుట్టి ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లాడు, కృష్ణ ఒడ్డున చేపలు పట్టే యానాదుల పిల్లలు అసలు కథలోకే రాలేదు. నాకు బాగా పట్టే విషయం ఇంకొకటి ఉంది. పాఠ్యపుస్తకాల తెలుగంటే చాలాకాలం కోస్తా జిల్లాల తెలుగే. కృష్ణా, గుంటూరు మాట రాష్ట్రం మొత్తానికి మంచి తెలుగైంది. కానీ ఆ భాష ఈ జిల్లాల్లో అందరి ఇళ్లదీ కాదు. కొన్ని ఇళ్లలో మాట్లాడేది అచ్చులోకి ఎక్కింది, మిగతాది తప్పు తెలుగైంది. భాషకు పట్టిన గతే ఆ ఇళ్ల తిండికీ పండగలకూ పేర్లకూ పట్టింది.

దీన్ని సూటిగా ప్రశ్నించి పని చేసింది హైదరాబాదులో స్త్రీల అధ్యయనాలు చేసే అన్వేషి సంస్థ. పిల్లల కథల్లో చోటు దొరకని బతుకుల మీద, 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లిషుల్లో ఒక వరస పుస్తకాలు తెచ్చింది. రాసినవాళ్లలో గోగు శ్యామల, ఖదీర్‌బాబు ఉన్నారు. అందులో తలకాయ కూర వండే ఇల్లుంది. దాన్ని వింతగా చూపలేదు, ఆదివారం ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది. 2015లో ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల సంస్థ స్టోరీవీవర్ వెబ్‌సైటు మొదలెట్టాక తెలుగు సహా ఎన్నో భాషల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. అనువాదం చేసి ప్రింటు తీసుకోవడానికీ అభ్యంతరం లేదు. అయినా ఇంకా చాలా బళ్ల బీరువాల్లో పాత పుస్తకాలే.

అందుకే ఈ చదువు లారిక్ దగ్గర కాకుండా, బీరువా దగ్గర మొదలవ్వాలని నా పట్టుదల. గుంటూరులో కాలే మస్తాన్‌వలీ దర్గా ఉంది కదా, అక్కడ మొక్కుకున్నవాళ్లు పిల్లలకు మతంతో పనిలేకుండా ఆ పేరు పెట్టుకుంటారు. మస్తాన్‌వలీ, మస్తానరావు, మస్తానమ్మ. ఈ ఊళ్లో ఇంతకంటే మామూలు పేరు లేదు.

ఒక సర్కారు బడిలో మా ట్రైనీలతో కలిసి బీరువా ఖాళీ చేయించాను. బోర్డుకు ఎడమవైపు కథల్లో పిల్లల పేర్లు రాశాం, కుడివైపు ఏడో తరగతి హాజరుపట్టీలో పేర్లు. మస్తాన్‌వలీ, నాగూర్‌బీ, ఏసుబాబు, సలోమి, ఇద్దరు నాయక్‌లు, ఒక మస్తానమ్మ, ఇంకా మిగతావాళ్లు. పిల్లలే సుద్దముక్క తీసుకుని రెండు పట్టీల్లోనూ కలిసిన పేర్ల కింద గీతలు గీశారు. గీతలు పడ్డవి రెండే: లక్ష్మి, రాజు.