దెబ్బతిన్న నర్సు రాటుదేలుతుందా? అపోహలు - వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా ఐసీయూలో నర్సుగా ఉన్నాను. మా మనసుల గురించి తరచూ వినే మాటలు కొన్ని తప్పని చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అపోహ: నాలుగు చావులు చూస్తే మనసు రాయవుతుంది, అదే ఎదుగుదల.

వాస్తవం: అది మొద్దుబారడం. మనసుకు తగిలిన గాయం తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదలను అమెరికా మనస్తత్వవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ 1996లో 21 అంశాల కొలమానంతో ఐదు వైపుల నుంచి చూశారు: తోటివారితో దగ్గరితనం, కొత్త దారులు, తనలోని బలం, ఆధ్యాత్మిక మార్పు, బతుకు విలువ తెలియడం. మొద్దుబారడానికి అందులో చోటు లేదు.

అపోహ: ఎదిగిన మనిషికి ఇక బాధ ఉండదు.

వాస్తవం: రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. 2021 మే నెలలో మా వార్డులో చెల్లెలులాంటి ఒక నర్సు, పీపీఈ కిట్‌లో చెమటతో తడిసిపోతూ, చివరి ఘడియల్లో ఉన్న పెద్దాయన చెవి దగ్గర ఫోను పట్టుకుని నిలబడింది. అవతల కూతురు ‘నాన్నా’ అని పిలుస్తూనే ఉంది. మానిటర్‌లో గీత సమమైపోయాక కూడా ఫోను తీసేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఈ రోజు మా వార్డులో కుటుంబాలకు చేదు వార్త ఆమె చెప్పినంత నెమ్మదిగా, సూటిగా ఇంకెవరూ చెప్పలేరు. కానీ ఆ ఫోను లాంటి రింగ్‌టోన్ వినిపిస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

అపోహ: అలాంటి చావు చూసిన రాత్రే నర్సును కూర్చోబెట్టి అంతా చెప్పిస్తే భారం దిగిపోతుంది.

వాస్తవం: ఒక్క విడతలో బలవంతంగా చెప్పించడం వల్ల తర్వాతి మానసిక రుగ్మత ఆగదని పరిశోధనలు తేల్చాయి. మొదట్లో జ్ఞాపకాలు పిలవకుండానే మీద పడతాయి. తనంతట తాను వాటిని తలచుకుని అర్థం వెతుక్కునే దశ రావడానికి వ్యవధి కావాలి. ఆ రాత్రి కావలసింది మంచినీళ్లు, పది నిమిషాలు కూర్చునే చోటు, హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) అందుకునే ఇంకో మనిషి. ఇన్‌ఛార్జి సిస్టర్లూ, దయచేసి ఇది గుర్తుంచుకోండి.

అపోహ: కష్టమే మనిషిని తీర్చిదిద్దుతుంది, కాబట్టి ఆసుపత్రి చేయాల్సింది లేదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎదిగించేది గాయం కాదు, దాంతో పెనుగులాడే రోజుల్లో దొరికే తోడు. ఎదగని నర్సు బలహీనురాలు కాదు. సిబ్బంది కొరతకూ, బంధువుల దాడులకూ ఎదుగుదల పేరుతో సాకు వెతకడం అన్యాయం.

నెల దాటినా నిద్ర పట్టకపోతే, డ్యూటీకి బయలుదేరగానే గుండె దడ మొదలైతే మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు నైట్ డ్యూటీ మధ్యలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.