నైట్ డ్యూటీ అలవాటైపోతుందిలే అంటారు, నిజమేనా? కొత్త సిస్టర్స్ కోసం అపోహలు - వాస్తవాలు

జీఎన్ఎం చదివినా బీఎస్సీ నర్సింగ్ చదివినా, నైట్ చేసి పొద్దున తొమ్మిదింటికి ఇంటికొచ్చాక ఎట్లా పడుకోవాలో మాత్రం ఎవరూ నేర్పరు. నేను పన్నెండేళ్లుగా ఐసీయూలో చేస్తున్నా, కొత్తగా జాయినైన అమ్మాయిలు ప్రతిసారీ ఇవే మాటలు నమ్మి అవస్థ పడుతుంటే చూడలేక రాస్తున్నా.

అపోహ: రెండు నెలలు ఓర్చుకుంటే ఒళ్లే అలవాటు పడుతుంది.
వాస్తవం: నాకూ సీనియర్లు ఇదే చెప్పారు, ఆర్నెల్లయినా అలవాటు కాకపోయేసరికి నాలోనే ఏదో లోపం ఉందనుకున్నా. మెదడులో ఉండే గడియారం వెలుతురుని బట్టి నడుస్తుంది, దానికి మన రోస్టర్ తెలీదు. ఈ గడియారం కణాల్లో ఎట్లా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. వారం నైట్స్‌లో అది కాస్త జరిగేసరికి ఆఫ్ వస్తుంది, తర్వాత మార్నింగ్ పడుతుంది, మళ్లీ మొదటికే. అందుకే మార్నింగ్, ఆఫ్టర్నూన్, నైట్ ఈ వరుసలో వేయమని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడగండి, వెనక్కి తిరిగే రోస్టర్ కంటే ఇది ఒంటికి తేలిక.

అపోహ: పగలంతా ఖాళీయేగా, ఇంటిపని చేసుకుని పడుకోవచ్చు.
వాస్తవం: పొద్దెక్కేకొద్దీ ఒళ్లు మేలుకోవాలనే చూస్తుంది. రాగానే ఏదైనా కొంచెం తిని, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోండి. కూరగాయల ఆటో మైకుని ఆపలేం గానీ, అత్తగారికి మాత్రం నోరు తెరిచి చెప్పండి, అత్తయ్యా నాకిప్పుడు అర్ధరాత్రి అని.

అపోహ: తెల్లవారుజామున స్ట్రాంగ్ టీ కొడితే సరిపోతుంది.
వాస్తవం: టీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగితే తొమ్మిదింటికి మీ నిద్ర పోయినట్టే, రాత్రి రెండింటి లోపే ఆపేయండి.

అపోహ: నిద్ర కోసం ఆల్ప్రాజోలం మాత్ర ఒకటి వేసుకుంటే చాలు.
వాస్తవం: వద్దు తల్లీ. దానికి అలవాటు పడతారు, తర్వాతి డ్యూటీలో మత్తుగా ఉంటుంది.

అపోహ: డ్యూటీ అయిపోతే రిస్క్ అయిపోయినట్టే.
వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదం. 17 గంటలు నిద్ర లేకపోతే మన చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో చేసిన స్టడీలో తేలింది, మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ లిమిట్ 0.03 మాత్రమే. ఫస్ట్ నైట్ రోజు ఏడింటికి లేచి మధ్యాహ్నం పడుకోకుండా వస్తే మర్నాడు హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) అయ్యేసరికి నిద్ర లేక 25 గంటలు. అందుకే ఆ మధ్యాహ్నం గంటన్నరైనా పడుకుని రండి, తెల్లవారుజామున నాలుగింటప్పుడు ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటి డోసు తప్పకూడని మందులు పక్క సిస్టర్‌కి చూపించకుండా ఎక్కించకండి. ఒకసారి సిగ్నల్ దగ్గర స్కూటీ మీదే రెప్ప పడింది నాకు, వెనకాల ఆటో హారన్ కొడితే మెలకువొచ్చింది. అప్పట్నుంచి ఫస్ట్ నైట్ అయ్యాక బండి హాస్పిటల్ స్టాండ్‌లోనే వదిలేసి బస్సెక్కుతున్నా.