వెండి బిళ్ళ మీది దేవతలు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బొమ్మా బొరుసా అని నాణెం ఎగరేసే మీకు, రెండు వైపులా దేవతలే ఉన్న రోమనుల వెండి నాణెం దెనారియస్ గురించి చెప్పాలనిపించింది. ఆఫ్రికాలోని కార్తేజ్ నగరపు సేనాని హన్నిబాల్‌తో సాగిన యుద్ధం రోము ఖజానాను ఊడ్చివేసిన రోజుల్లో, క్రీ.పూ. 211 ప్రాంతంలో, అది పుట్టింది. బరువు సుమారు నాలుగున్నర గ్రాములు. వెడల్పు ఇంచుమించు మన రూపాయి బిళ్ళంత.

తొలినాటి బిళ్ళపై బొమ్మ వైపు రెక్కల శిరస్త్రాణం ధరించిన రోమా దేవత ఉంటుంది. ఆ నగరమే ఆమె రూపం దాల్చిందన్నమాట. బొరుసు వైపు కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలు ఈటెలు చాచి గుర్రాలను దౌడు తీయిస్తుంటారు. ఇద్దరి టోపీల పైనా చెరొక నక్షత్రం, గుర్రాల కాళ్ల కింద రోమా అన్న అక్షరాలు. వారిని చూస్తే మన అశ్వినీ దేవతలు గుర్తుకు వస్తారు. పూర్వం రెజిల్లస్ సరస్సు దగ్గర జరిగిన పోరులో ఈ కవలలు తమ పక్షాన నిలిచారని రోమనుల నమ్మకం. అందుకే, శత్రువు ఇటలీలోనే తిష్ఠ వేసిన వేళ వారిని నాణెం మీదికి ఎక్కించడం నాకు ఒక మొక్కులాగే తోస్తుంది.

ఈ నాణేలు ముద్రించే టంకసాల రోములో జూనో మొనేటా దేవి గుడి దగ్గర ఉండేది. ఇంగ్లీషు వారి ‘మనీ’ ఆమె పేరు నుంచి వచ్చిన మాటే. క్రీ.పూ. 46లో కారిసియస్ అనే టంకసాల అధికారి ఒకవైపు ఆమె ముఖాన్ని, మరొకవైపు దాగలి, పటకారు, సుత్తిని ముద్రించాడు. రెండు అచ్చుల నడుమ వెండి బిళ్ళను ఉంచి, ఒక్కొక్కటీ సుత్తితో కొట్టేవారు కనుక, కొన్నిటిలో దేవత కిరీటమో గడ్డమో అంచు దాటిపోయి కనిపిస్తుంది.

రానురాను దేవతలు వంశగౌరవానికి సాక్షులయ్యారు. జూలియస్ సీజర్ తమ కుటుంబం వీనస్ దేవి సంతతి అని చెప్పుకొని, ఒక నాణెంపై ఆమె ముఖాన్ని, వెనుక ముసలి తండ్రిని భుజాన మోస్తున్న ఆమె కొడుకు ఈనియాస్‌ను చెక్కించాడు. క్రీ.పూ. 44లో బొమ్మ వైపు తన ముఖమే వేయించుకొన్నాడు; వీనస్ బొరుసు వైపుకు వెళ్లింది. తొలి చక్రవర్తి ఆగస్టస్ తరువాత గద్దెనెక్కిన టైబీరియస్ నాణెంపై అయితే, ‘దేవుడైన ఆగస్టస్ కుమారుడు’ అనే అర్థం వచ్చే అక్షరాలే ఉంటాయి.

ఆగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో కుప్పగా దొరికాయి. దెనారియస్ పేరు సంస్కృతంలో దీనారమైంది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ శాసనంలో ‘దీనారి మాషకాలు’ అనే నాణేల మాట నేటికీ చదవవచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య