ఒక విద్యార్థి ప్రశ్న నుంచి పుట్టిన క్రామెర్–రావు అసమానత

2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర (స్టాటిస్టిక్స్) బహుమతి ప్రకటించేనాటికి సి.ఆర్. రావుగారికి 102 ఏళ్లు. ఆ బహుమతి తెచ్చిపెట్టిన వ్యాసం 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండీ నిండలేదు. గణితంలో కొత్త ఆలోచన మెరుపులా తడుతుందని అంటుంటారు. ఈ వ్యాసం పుట్టుక చూస్తే నాకలా అనిపించదు.

నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టిన రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. 1941 జనవరిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. దాన్ని స్థాపించిన మహలనోబిస్ భౌతిక శాస్త్రం బోధించే ఆచార్యుడు. మనుషుల శరీర కొలతలు తీసుకుని, రెండు జనసమూహాల మధ్య ‘దూరం’ లెక్కగట్టే సూత్రాన్ని 1936లో ఇచ్చింది ఆయనే.

1944లో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. కొన్ని కొలతల నమూనా నుంచి తెలియని విలువను అంచనా వేసేటప్పుడు, నమూనా చాలా పెద్దదైతే అంచనాలోని దోషం ఒక హద్దు కంటే తగ్గదని బ్రిటిష్ సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ 1920లలో చూపిన ఫలితాన్ని వివరించారు. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాకు ఇది ఎందుకు నిరూపించకూడదని అడిగాడు. ఈ దండేకరే తర్వాత ఆర్థికవేత్తగా దేశమంతటికీ తెలిశారు. రావుగారు ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని లెక్క తేల్చారు. ఏ పక్కకూ మొగ్గని అంచనా ఏదైనా సరే, దాని విస్తృతి (అంచనాలు ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ఫిషర్ సమాచారం విలోమం కంటే తగ్గదు. దత్తాంశం ఆ తెలియని విలువ గురించి ఎంత చెబుతుందో కొలిచేదే ఫిషర్ సమాచారం. ఇదే క్రామెర్–రావు అసమానత. ఎంత తెలివైన పద్ధతి వాడినా, చేతిలో ఉన్న దత్తాంశం ఇంతకుమించి ఇవ్వదన్నమాట.

నిరూపణకు వాడింది కాషీ–ష్వార్జ్ అసమానత. గణితం ఎం.ఎ. చదివిన ఎవరికైనా తెలిసిన పనిముట్టే. ఇరవై ఏళ్లుగా లోటల్లా ప్రశ్నదే. ‘నమూనా పెద్దదైతే’ అన్న షరతుకు పండితులు అలవాటుపడిపోయారు. అలవాటు పడని కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు.

అదే వ్యాసంలో ఇంకా సాహసమైన ఆలోచన మరొకటి ఉంది. ఒక్కో సంభావ్యతా విభాజనాన్ని (ఏ విలువ వచ్చే అవకాశం ఎంతో చెప్పే పంపకాన్ని) ఒక్కో బిందువుగా తీసుకుని, ఫిషర్ సమాచారంతో వాటి మధ్య దూరాన్ని, వంపు తిరిగిన తలాలను కొలిచే రీమాన్ జ్యామితి పద్ధతిలో కొలిచారు. మహలనోబిస్ దూరం పక్కనే ఉన్న చోట ఇలా ఆలోచించడం వింత కాదు. సాపేక్షతా సిద్ధాంత వ్యాసాలను సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా ఇంగ్లీషులోకి తెచ్చి, మహలనోబిస్ ముందుమాటతో 1920లోనే ప్రచురించిన ఊరది. భౌతిక శాస్త్రం, గణితం, కొలతల పట్టికలు ఒకే కప్పు కింద లేకపోతే ఈ వ్యాసం వచ్చేది కాదని నా నమ్మకం.

అయితే ఇవి ఒక్కరికే తట్టిన సంగతులు కావు. అమెరికాలో హోటెలింగ్ 1930లోనే ఈ జ్యామితిని క్లుప్తంగా ప్రస్తావించారు. అసమానతను ఫ్రాన్స్‌లో ఫ్రెషే 1943లో చేరుకున్నారు, స్వీడన్‌లో క్రామెర్ 1946 నాటి తన గ్రంథంలో ఇచ్చారు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం.

అసమానత త్వరగానే పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లింది. జ్యామితి మాత్రం దశాబ్దాలు ఎదురుచూసింది. ఇలాంటి దూరానికి ఫిషర్ కొలమానం ఒక్కటే సహజమైనదని రష్యన్ గణితవేత్త చెన్‌త్సోవ్ 1972లో చూపాక, 1980లలో జపాన్‌లో అమరి అనే పరిశోధకుడు దాన్ని ఒక శాఖగా నిలబెట్టాక, ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ వాళ్లు వాడుతున్నారు. భౌతిక శాస్త్రంలోకి అసమానత 1967లో హెల్‌స్ట్రామ్ చేతుల మీదుగా క్వాంటమ్ రూపంలో వచ్చింది. గురుత్వ తరంగాలను పట్టే పరికరం ఎంత కచ్చితంగా కొలవగలదో ముందే లెక్కగట్టడానికి శాస్త్రవేత్తలు ఈ హద్దునే ఆధారం చేసుకుంటారు.