‘ఏడు తరాలు’: నవలను చరిత్రగా అమ్మిన ఏడాది

అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ తన వంశం కథగా రాసిన ‘రూట్స్’ అచ్చయి ఈ 2026కి యాభై ఏళ్లు. సహవాసి కుదించి తెనిగించగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘ఏడు తరాలు’ పేరు వినని తెలుగు పాఠకులు తక్కువ. యాభై ఏళ్ల సందర్భం రావడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. హేలీ వేరొకరి పుస్తకం చూసి రాశారు, కుంటా కింటే అనే పూర్వీకుడికి ఆధారమే లేదు, కాబట్టి పుస్తకమంతా బూటకమే అంటున్నది ఒక వర్గం. నల్లజాతి చరిత్ర అంటే గిట్టనివాళ్లే ఇవన్నీ తవ్వుతున్నారని రెండో వర్గం గట్టిగా బదులిస్తోంది.

ఆఫ్రికాలోని గాంబియా నుంచి బానిసగా అమెరికాకు తెచ్చిన కుంటా కథ గానీ, 1977 జనవరిలో ఎనిమిది రాత్రులపాటు అమెరికాను టీవీల ముందు కూర్చోబెట్టిన సీరియల్ సంగతి గానీ మళ్లీ చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో ఈ గొడవకు బీజం పడింది 1976లో. ఆ ఏడాది డబుల్‌డే ప్రచురణ సంస్థ ఈ పుస్తకాన్ని నవలగా కాక, జరిగిన చరిత్రగా మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆరోపణకూ పదును ఆ ఒక్క నిర్ణయం వల్లే వచ్చింది.

హేలీ దాచింది తక్కువే. పుస్తకం చివరి అధ్యాయంలో తన పద్ధతి ఏమిటో ఆయనే చెప్పుకున్నారు. కథ చాలావరకు తాను పుట్టకముందు జరిగింది గనుక సంభాషణల్లోనూ సంఘటనల్లోనూ అధిక భాగం తనకు తెలిసినదాన్ని, పరిశోధన మీద ఆధారపడి జరిగి ఉండవచ్చని తాను అనుకున్నదాన్ని కలిపి నవలగా అల్లినవేనని రాశారు. వంశక్రమం మాత్రం తరతరాలుగా కుటుంబంలో చెప్పుకుంటూ వచ్చినదనీ, అందులో చాలా భాగాన్ని పత్రాలతో సరిచూశాననీ అదే చోట హామీ ఇచ్చారు. అంటే ఒకే పుస్తకంలో రెండు ఒప్పందాలు. మొదటిది నవలాకారుడు పాఠకుడితో చేసుకునేది, రెండోది చరిత్రకారుడు చేసుకునేది. మొదటిది వందల పేజీలు దాటాక గానీ కనబడదు. రెండోది పుస్తకాల దుకాణంలో అడుగుపెట్టగానే కనబడుతుంది. న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ‘రూట్స్’ 22 వారాలు అగ్రస్థానంలో నిలిచింది కాల్పనికేతర విభాగంలోనే. ఎక్కడ ఇమడ్చాలో బహుమతుల సంఘాలకూ తోచలేదు. 1977లో పులిట్జర్ వాళ్లు ఏ విభాగంలోనూ చేర్చకుండా ప్రత్యేక పురస్కారం ఇచ్చి ఊరుకున్నారు.

అసలు నవల అని ఎందుకు వేయలేదని ఇప్పుడు అడగడం తేలిక. నల్లజాతి కుటుంబానికి తన పూర్వీకుల పేర్లు దొరకడం ఎంత కష్టమో తెలిస్తే ఆ ఆశను అర్థం చేసుకోగలం. అమెరికా జనాభా లెక్కల్లో బానిసత్వం నుంచి బయటపడినవారి పేర్లు మొదటిసారి కనబడేది 1870లో. అంతకుముందు 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టికలు ఉండేవి. వాటిలో పేరు రాసేది యజమానిదే. దాని కింద వరుసగా వయసు, ఆడో మగో, రంగు మాత్రం ఉంటాయి. ముప్పై ఏళ్ల మగవాడు, పన్నెండేళ్ల ఆడపిల్ల, అంతే. ఆ అంకెల్లో తన ముత్తవ్వ ఎవరో మనవరాలికి ఎలా తెలుస్తుంది?

హేలీ వెతుకులాట కూడా సరిగ్గా ఈ గోడ దగ్గరే మొదలైంది. వాషింగ్టన్‌లోని జాతీయ పత్రాగారంలో నార్త్ కరోలినా రాష్ట్రం ఆలమాన్స్ కౌంటీకి చెందిన 1870 లెక్కల మైక్రోఫిల్మును తిప్పుతూ, విసిగి లేచిపోబోతున్న సమయంలో, ‘టామ్ మర్రే, కమ్మరి’ అన్న నమోదు కంటబడింది. ఆ ఇంటి పిల్లల్లో ఎలిజబెత్ పేరు ఉంది. చిన్నప్పుడు టెనెసీలోని హెన్నింగ్‌లో అమ్మమ్మ ఇంటి వరండాలో కూర్చుని కబుర్లు చెప్పిన అమ్మమ్మ అక్కే ఆమె. కాగితం మీద అమ్మమ్మ మాట నిజమని తేలిన ఆ క్షణం తర్వాత, ఆమె చెప్పిన మిగతావన్నీ కూడా ఇలాగే ఎక్కడో రాసి ఉంటాయని ఆయనకు అనిపించడంలో వింత లేదు. అక్కడినుంచి ఆయన వెతికింది ఆధారాల కోసం కాదు, రుజువుల కోసం. తేడా చిన్నది కాదు.

1967లో గాంబియాలోని జఫూరే గ్రామంలో కెబ్బా ఫొఫానా అనే వృద్ధుడు కింటే వంశావళి చెప్పి, రాజుగారి సైనికులు వచ్చిన కాలంలో కుంటా అనే కుర్రవాడు కట్టెలకు వెళ్లి తిరిగి రాలేదన్నారు. మన పల్లెల్లో గోత్రాలూ ఇంటిపేర్లూ చెబుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లను చూసినవాళ్లకు ఈ సంప్రదాయం కొత్త కాదు, అందులో ఉండే మొహమాటం కూడా కొత్త కాదు. దూరం నుంచి వచ్చిన అతిథి ఏం వినాలనుకుంటున్నాడో ఊరికి ముందే తెలుసు. 1977 ఏప్రిల్‌లో లండన్ సండే టైమ్స్ విలేకరి మార్క్ ఒట్టవే అక్కడికి వెళ్లి వచ్చి చెప్పింది ఇదే. ఫొఫానా వంశపారంపర్యంగా శిక్షణ పొందిన గాథకుడు కాదు, హేలీకి కావలసిన కథ ఏమిటో ఆయనకు ముందే చేరింది. పైగా 1767 నాటి జఫూరే పుస్తకంలో ఉన్నట్టు బయటి ప్రపంచం సోకని పల్లె కాదు, బ్రిటిష్ వాళ్ల కోటకు దగ్గర్లో ఉన్న వర్తక గ్రామం. తన జాతికి కూడా ఊహల్లో ఒక నందనవనం కావాలని హేలీ సమాధానమిచ్చారు. నవలాకారుడి నోట ఆ మాట వస్తే ఎవరూ కాదనరు.

1981లో వంశచరిత్ర పరిశోధకులు గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ వర్జీనియా పత్రాలన్నీ తిరగేశారు. కుంటాను తెచ్చిందని హేలీ నమ్మిన ‘లార్డ్ లిగోనియర్’ ఓడ అనాపొలిస్ రేవు చేరింది 1767 సెప్టెంబరు 29న. గాంబియాలో ఎక్కించిన 140 మందిలో దిగింది 98 మందే. ఆ ఓడ నిజం, ఆ అంకెలు నిజం. కానీ పుస్తకంలో కుంటాకు అమెరికాలో పెట్టిన పేరు టోబీ, ఆ టోబీ అనే బానిస యజమానులైన వాలర్ కుటుంబ పత్రాల్లో 1762 నాటికే ఉన్నాడు. అంటే ఓడ రాకకు ఐదేళ్ల ముందే. కుంటా కూతురు కిజీ పుట్టిందని చెప్పే కాలానికి ఎనిమిదేళ్ల ముందే అతను చనిపోయి ఉండాలని కూడా వాళ్లు తేల్చారు. చరిత్రగా చూస్తే ఈ దెబ్బకు కోలుకోవడం కష్టం. నవలగా చూస్తే అనాపొలిస్‌లో దిగిన ఆ 98 మందిలో ఎవరి కథ అయినా ఇదే.

ఇక కాపీ ఆరోపణ. ‘ది ఆఫ్రికన్’ అనే 1967 నాటి నవల రాసిన హెరాల్డ్ కూర్లాండర్ వేసిన దావా న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో విచారణ దాకా వెళ్లి, 1978 డిసెంబరులో 6,50,000 డాలర్ల రాజీతో ముగిసింది. ఆ పుస్తకంలోని అంశాలు తన పుస్తకంలో చేరాయని హేలీ ఒప్పుకుని విచారం వెలిబుచ్చారు. ఇందులో ఆయన తప్పు ఉంది, సమర్థించడానికి ఏమీ లేదు. కానీ ఆ తప్పు ఇన్నేళ్లు వెంటాడటానికి కారణం కూడా పుస్తకం మీది ముద్రే. తన తాతల నిజజీవితం అని చెప్పిన పుస్తకంలోకి మరొకరు ఊహించి రాసిన మనిషి అనుభవాలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు లేదు.

అదే ఏడాది అదే కోర్టులో నడిచిన ఇంకో కేసు గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడరు. ‘జుబిలీ’ నవల రాసిన మార్గరెట్ వాకర్ కూడా హేలీ మీద దావా వేశారు. న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. పారిపోవడానికి ప్రయత్నాలు, అడవిలో వెంబడించే కుక్కలు, బానిసల పాటలు, మనుషుల్ని అమ్మడం, కొనడం ఏ ఒక్క రచయిత సొత్తూ కావన్నారు. న్యాయం అక్షరాలా అంతే కావచ్చు. అయినా ఆమె ఎక్కువ గుర్తుండవలసింది. వాకర్ కూడా అమ్మమ్మ చెప్పగా విన్న కథనే రాశారు. ఆమె నాయిక వైరీకి మూలం స్వయానా ముత్తవ్వ. వైరీ తెల్ల యజమానికి బానిస స్త్రీ వల్ల పుట్టిన పిల్ల. యజమాని కూతురితో పోలికలు ఎంతగా కలుస్తాయంటే ఇంటికొచ్చినవాళ్లు కవలలనుకుంటారు. ఒకరు దొరసాని బిడ్డ, ఇంకొకరు వంటింటి బానిస. జాతి అనేది రక్తంలో లేదని, యజమాని లెక్కల పుస్తకంలో ఉందని చెప్పడానికి ఆ పోలిక ఒక్కటి చాలు. దాదాపు మూడు దశాబ్దాల శ్రమ. పత్రాగారాలు తిరిగారు, డాక్టరేటు కోసం సమర్పించారు, 1966లో నవల అనే పేరుతోనే అచ్చు వేయించారు. వైరీ నిజంగా ఉందా అని ఎవరూ వెంటపడలేదు.

హేలీ 1992లో పోయారు. నానమ్మ క్వీన్ కథ ఆయన సగంలో వదిలితే డేవిడ్ స్టీవెన్స్ పూర్తి చేయగా 1993లో వచ్చింది. తెల్ల యజమాని ఇంట బానిస తల్లికి పుట్టిన ఆ స్త్రీ కథను నవలగానే చదివారు.

‘ఏడు తరాలు’ కొత్త ముద్రణ వేసే ఆలోచన ఎవరికైనా ఉంటే, పద్ధతి గురించి హేలీ చివర్లో రాసుకున్న ఆ పేరాను మొదటి పేజీకి తేవాలి. 1978 రాజీనీ, మిల్స్ దంపతులు తేల్చిన సంగతులనూ ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పాలి. అట్ట మీద నవల అని స్పష్టంగా వేయాలి.