పక్కవాడి పీపా మీద కూడా 40 సెంట్లు

2024 ఆగస్టు 5న వాషింగ్టన్‌లో జడ్జి అమిత్ మెహతా, ఇంటర్నెట్ సెర్చ్‌లో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుంటోందని తీర్పు ఇచ్చారు. ఊరికే ఇచ్చే సర్వీసు మీద కేసేంటి, నచ్చనివాళ్లు వేరేది వాడుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ తీర్పుకు ఆధారమైన షెర్మన్ చట్టం, అంటే గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే అమెరికా చట్టం, ఇప్పటిది కాదు, 1890 నాటిది. ఆ చట్టం ఎందుకు పుట్టిందో చూస్తే ప్రశ్న వేరేలా కనిపిస్తుంది. దాని వెనక ఉన్నది కిరోసిన్, ఇంకా సరిగ్గా చెప్పాలంటే కిరోసిన్ని మోసిన రైలు బాడుగ.

1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ వేసిన బోరులో 69 అడుగుల లోతున చమురు పడింది. ఇక ఆ చుట్టుపక్కల ఎవరికి వీలైతే వాళ్లు బావులు తవ్వేశారు, ధర ఒకసారి ఆకాశంలో, ఇంకోసారి పాతాళంలో. జాన్ రాక్‌ఫెల్లర్ మాత్రం మొదట్లో బావుల జోలికి పోకుండా క్లీవ్‌లాండ్‌లో శుద్ధి చేసే పని పట్టుకుని, 1870లో 10 లక్షల డాలర్ల మూలధనంతో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టాడు. ముడిచమురు ఎవరు కొన్నా దాదాపు అదే ధర, తేడా వచ్చేదల్లా రవాణా ఖర్చులోనే అని అతను ముందే పట్టుకున్నాడు.

1872 మొదట్లో కుదిరిన రహస్య ఒప్పందం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మొత్తం కథకి కీలకం ఇదే. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అనే పేరుతో రాక్‌ఫెల్లర్, మరికొందరు రిఫైనరీ యజమానులు మూడు పెద్ద రైల్వే కంపెనీలతో మాట్లాడుకున్నారు. చమురు ప్రాంతం నుంచి క్లీవ్‌లాండ్‌కి వీళ్లు పంపే ప్రతి పీపా మీద రైల్వే 40 సెంట్లు వెనక్కి ఇవ్వాలి. ఇంతవరకూ పెద్ద ఖాతాదారుకి డిస్కౌంట్ అనుకోవచ్చు. కానీ పోటీదారుడు పంపే ప్రతి పీపా మీద కూడా ఇంకో 40 సెంట్లు వీళ్లకే ముట్టాలి! అంటే పక్కవాడు ఎంత సరుకు పంపితే అంత సొమ్ము అతని శత్రువు జేబులోకి, అదీ అతను కట్టిన బాడుగలోంచే. వ్యాపారంలో తెలివితేటల్ని నేను మెచ్చుకుంటాను గానీ దీన్ని తెలివి అనలేను, ఇది దోపిడీ.

విషయం బయటపడగానే ఫిబ్రవరి చివర్లో టైటస్‌విల్‌లో వేల మంది సభ పెట్టి, ఆ కంపెనీకి చమురు అమ్మేది లేదని తీర్మానించారు. రైల్వేలు వెనక్కి తగ్గాయి, కంపెనీ అనుమతి రద్దయింది. ఒప్పందం కింద ఒక్క పీపా కూడా కదల్లేదు. అయితే ఆ బెదిరింపు గాల్లో ఉన్న కొద్ది వారాల్లోనే క్లీవ్‌లాండ్‌లోని 26 పోటీ రిఫైనరీల్లో 22 రాక్‌ఫెల్లర్ చేతికి వచ్చేశాయి. 1880 నాటికి అమెరికాలో శుద్ధయ్యే చమురులో దాదాపు 90 శాతం స్టాండర్డ్‌దే. 1882లో వాటాలన్నీ తొమ్మిది మంది ట్రస్టీల చేతిలో పెట్టి 'ట్రస్ట్' అన్నారు, గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టాలకి యాంటీ ట్రస్ట్ అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది.

ఒక నిజం ఒప్పుకోవాలి: ఇదే కాలంలో కిరోసిన్ ధర బాగా తగ్గింది, 1870లో గ్యాలన్ 26 సెంట్లు ఉన్నది 1880ల్లో 10 సెంట్ల లోపుకి దిగింది. కొనేవాడికి లాభమే. మరి కోపం ఎవరికి? దారి మూసుకుపోయిన చిన్న వ్యాపారులకి, బావుల యజమానులకి, ఇంకోవైపు రైలు బాడుగలతో నలిగిపోయిన రైతులకి.

వాళ్ల కోపంలోంచి 1890లో షెర్మన్ చట్టమైతే వచ్చింది గానీ మొదట్లో అది కరిచింది కార్మికుల్నే. 1894 పుల్‌మన్ రైల్వే సమ్మెని ఆపడానికి తెచ్చిన కోర్టు ఉత్తర్వులో ఈ చట్టాన్నే చూపించారు, నాయకుడు యూజీన్ డెబ్స్‌కి ఆరు నెలల జైలు. మరుసటి ఏడాది, దేశంలో చక్కెర శుద్ధి దాదాపు మొత్తం గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీని మాత్రం సుప్రీంకోర్టు వదిలేసింది, తయారీ వేరు వాణిజ్యం వేరు అంటూ.

కథ మలుపు తిప్పింది ఐడా టార్బెల్. 1872 గొడవ జరిగినప్పుడు ఆమె టైటస్‌విల్‌లో పెరుగుతున్న 14 ఏళ్ల పిల్ల, తండ్రిది చమురు వ్యాపారమే. 1902 నుంచి మెక్‌క్లూర్స్ పత్రికలో కోర్టు రికార్డులు తవ్వి తీసి స్టాండర్డ్ చరిత్ర సీరియల్‌గా రాసింది. 1906లో ప్రభుత్వం కేసు వేసింది, 1911 మే 15న సుప్రీంకోర్టు స్టాండర్డ్‌ని 34 ముక్కలు చేయమంది. ఆ ముక్కల షేర్లు పెరిగి రాక్‌ఫెల్లర్ ఇంకా ధనవంతుడయ్యాడు. మన విశాఖ రిఫైనరీని 1957లో పెట్టిన కాల్టెక్స్‌లో సగం వాటా ఆ ముక్కల్లో ఒకటైన కాలిఫోర్నియా స్టాండర్డ్‌దే.

ఇప్పుడు గూగుల్ కేసుకి రండి. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగానే తన సెర్చ్ ఉండేందుకు ఆ కంపెనీ 2021 ఒక్క ఏడాదిలో కట్టింది 2,630 కోట్ల డాలర్లు. సర్వీసు ఉచితమే, డబ్బంతా దారి కోసం. 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వులో మెహతా, పోటీదారుల్ని దూరంగా ఉంచే ప్రత్యేక ఒప్పందాల్ని నిషేధించి, కొంత డేటా వాళ్లతో పంచుకోమన్నారు. గూగుల్ తన బ్రౌజర్ క్రోమ్‌ని అమ్మాల్సిన పని లేదన్నారు, డబ్బిచ్చి ముందు స్థానం తీసుకోవడాన్నీ పూర్తిగా ఆపలేదు. 1872 గురించి చదివాక నాకు మింగుడుపడనిది ఈ చివరిదే.